కుజుడి మీద ఇల్లు కట్టి చూడు!

కుజుడు మన జాతకంలో ఏ ఇంట్లో ఉన్నాడని అడగడం పాత ముచ్చట. మనమే కుజుడి మీదికి వెళ్తే ఎలాంటి ఇంట్లో ఉండాలన్నది కొత్త ముచ్చట. రాకెట్ల సంగతి అందరూ మాట్లాడుతున్నారు. దిగాక తలుపు తీసుకుని లోపలికి వెళ్లేది ఏ ఇంట్లోకి? ఆ ఇల్లు ఊడ్చేదెవరు?

2024 జులై 6, శనివారం సాయంత్రం. అమెరికాలోని హ్యూస్టన్‌లో, నాసా జాన్సన్ స్పేస్ సెంటర్‌లో కొందరు ఒక తలుపుకేసి చూస్తూ నిలబడ్డారు. మన ఇళ్లకు ఉండేలాంటి మామూలు తలుపే. వ్యోమగామి కెల్ లిండ్‌గ్రెన్ ముందుకెళ్లి దాన్ని గట్టిగా తట్టారు. బయటికి రావడానికి సిద్ధమేనా అని కేకేశారు. తలుపు తెరుచుకుంది. చప్పట్ల మధ్య నలుగురు మనుషులు బయటికొచ్చారు. ముందు నడిచిన కెల్లీ హాస్టన్ నోట వచ్చిన మొదటి మాట 'హలో'. ఎదురుగా ఉన్న మనిషికి హలో చెప్పగలగడమే ఎంత బాగుందో అన్నారామె.

ఆ నలుగురూ లోపలికి వెళ్లింది 2023 జూన్ 25న. 378 రోజులు ఆ గడప దాటలేదు. వాళ్లు భూమి వదిలింది లేదు. ఆ మాటకొస్తే హ్యూస్టనే వదల్లేదు. కానీ లెక్క ప్రకారం వాళ్లున్నది అంగారకుడి మీద. ఇంటికి ఒక మాట పంపితే చేరడానికి 22 నిమిషాలు, జవాబు రావడానికి ఇంకో 22 నిమిషాలు. తినేది డబ్బాల్లో, పొట్లాల్లో నిల్వ ఉంచిన తిండి. పచ్చిగా ఏమైనా నమలాలనిపిస్తే తాము పెంచుకున్న టొమాటోలు, మిరపలు, ఆకుకూరలే. 'బయట తిరిగొస్తాం' అంటే పక్కనే ఎర్ర ఇసుక పోసిన 1,200 చదరపుటడుగుల గదిలోకి ఎయిర్‌లాక్ గుండా వెళ్లడం. చుట్టూ గోడల మీద అంగారకుడి కొండలు బొమ్మలుగా గీసి ఉంటాయి. అంతకన్నా దూరం నడవాలంటే కళ్లకు వర్చువల్ రియాలిటీ పెట్టె తగిలించుకుని ట్రెడ్‌మిల్ ఎక్కాలి.

ఇల్లు 1,700 చదరపుటడుగులు. మన లెక్కలో దాదాపు 189 గజాలు. హైదరాబాద్‌లో మూడు పడకగదుల ఫ్లాటంత. ఐకాన్ అనే కంపెనీ దీన్ని త్రీడీ ప్రింటర్‌తో, కాంక్రీటులాంటి ముద్దను వరస మీద వరస పేర్చుతూ కట్టింది. ప్లాను గీసింది డెన్మార్క్ ఆర్కిటెక్ట్ బ్యార్కె ఇంగెల్స్ సంస్థ. ఒక చివర నలుగురికీ విడివిడి గదులు, మరో చివర పనిచేసుకునే చోటు, మధ్యలో అందరూ కూర్చునే హాలు, వంటిల్లు. ఒక్కో చోట పైకప్పు ఒక్కో ఎత్తులో ఉంటుంది. ఏడాదిపాటు ఒకే కప్పును చూస్తూ పడుకుంటే మనిషికి ఏమవుతుందో ఊహించే అలా పెట్టారు.

ఈ ప్రయోగం పేరు చాపియా. రెండో జట్టు 2025 అక్టోబరు 19న అదే ఇంట్లోకి వెళ్లి తలుపేసుకుంది. ప్రణాళిక ప్రకారం వాళ్లు బయటికి రావాల్సింది 2026 అక్టోబరు 31న. ఎలాన్ మస్క్ పది లక్షల మందితో అంగారక నగరమంటూ ఏళ్లుగా చెబుతున్నారు. టీవీల్లో, యూట్యూబ్‌లో గాజు గోళాల నగరాల బొమ్మలు మెరుస్తున్నాయి. వాటి పక్కన నలుగురు మనుషులు, ఒక వంటిల్లు, నాలుగు మొక్కల హ్యూస్టన్ కొంప వెలవెలబోతుంది. అసలు కథ ఉన్నది మాత్రం ఈ కొంపలోనే.

గాలీ వెలుతురూ వస్తాయా?

అద్దె ఇల్లు చూడ్డానికి వెళ్తే మనం అడిగే మొదటి ప్రశ్న ఇదే. అంగారకుడి మీద జవాబు మొహమాటం లేకుండా ఉంటుంది: రావు. వెలుతురు మన ఎండలో సగానికన్నా తక్కువ. గాలి ఉంది కానీ 95 శాతం కార్బన్ డయాక్సైడ్, అదీ మన వాతావరణ పీడనంలో నూరో వంతు కూడా లేదు. అక్కడ కిటికీ తెరవడమంటే ఆత్మహత్యే.

దీంతో కట్టుబడి శాస్త్రమే తలకిందులవుతుంది. మన మేస్త్రికి ఉన్న భయం ఒకటే: కప్పు కూలుతుందేమోనని. అందుకే పునాదులు, పిల్లర్లు, బీములు. అంగారకుడి మీద కప్పు కూలదు, లేచిపోతుంది. లోపల మనం పీల్చే గాలి మామూలు పీడనంలో ఉంటే అది గోడల్ని, కప్పుని చదరపు మీటరుకు పది టన్నుల చొప్పున బయటికి తోస్తుంది. పదీ పన్నెండడుగుల చిన్న గది తీసుకుంటే దాని కప్పు మీద లోపలి నుంచి పడే తోపుడు 110 టన్నుల పైమాటే. పది టన్నుల లోడున్న లారీలు పదకొండు కలిసి పైకి నెట్టినట్టు. కప్పు మీద మట్టి పోసి అదుముదామా అంటే, అక్కడి గురుత్వాకర్షణ మన దాంట్లో 38 శాతమే. మూడు మీటర్ల మందాన ఎర్రమట్టి పోసినా ఆ తోపుడులో ఆరో వంతుకు మించి కాయదు.

అందుకే అంగారకుడి ఇళ్ల నమూనాలు చాలావరకు గుడ్లలాగో, కుండల్లాగో, సిలిండర్లలాగో ఉంటాయి. గుండ్రటి దానికి మూలలుండవు, ఒత్తిడి సమానంగా పంచుకుంటుంది. నాసా 2015 నుంచి 2019 దాకా నడిపిన త్రీడీ ముద్రిత ఇళ్ల పోటీలో చివరికి 5 లక్షల డాలర్లు గెలిచిన 'మార్షా' కూడా నిలువు గుడ్డే. నాలుగు అంతస్తులు, బయట ఒక పెంకు, లోపల ఒక పెంకు. పగటికీ రాత్రికీ మధ్య ఉష్ణోగ్రత విపరీతంగా మారుతూ ఉంటే సాగేది, ముడుచుకునేది బయటి పెంకే. లోపలి ఇల్లు నిలకడగా ఉంటుంది. దాని ముడిసరుకు అంగారకుడి మీద కావలసినంత దొరికే బసాల్ట్ రాతి పీచు, దానికి తోడు మొక్కజొన్నలాంటి పంటల నుంచి తీసే ప్లాస్టిక్. మూడో వంతు పరిమాణంలో నమూనాను యంత్రం 30 గంటల్లో పోసింది.

అదే పోటీలో 2015లో మొదటి బహుమతి పొందిన ఇల్లు ఇంకా అందమైంది, మంచుతో కట్టిన ఇల్లు. రేడియేషన్‌ను ఆపడంలో నీళ్లు, మంచు మంచి గోడలు. పైగా వెలుతురును రానిస్తాయి. గుహలో బతికినట్టు కాకుండా ఉదయం కాస్త తెల్లగా, సాయంత్రం నీలంగా గోడలే రంగులు మారతాయి. అవును, అంగారకుడి మీద సూర్యాస్తమయం నీలంగా ఉంటుంది. నాకు నచ్చిన నమూనా ఇదే. నిలుస్తుందా అనడిగితే మాత్రం మట్టి కింద ఇల్లే నిలుస్తుందంటాను.

ఎందుకంటే రేడియేషన్ లెక్క భయపెట్టేదే. క్యూరియాసిటీ రోవర్ అంగారకుడి నేల మీద కొలిచింది రోజుకు దాదాపు 0.67 మిల్లీసీవర్టులు. భూమ్మీద మనకు సహజంగా తగిలేది ఏడాదికి సగటున 2.4. అంటే అక్కడి ఒక్క రోజు మన వంద రోజులతో సమానం. భూమిలాంటి అయస్కాంత కవచం దానికి లేదు, మందమైన వాతావరణమూ లేదు. అందుకే చాలామంది కన్ను గుహల మీద పడింది. మార్స్ ఒడిస్సీ నౌక తీసిన చిత్రాల్లో 2007లో ఆర్సియా మోన్స్ అగ్నిపర్వతం వాలు మీద ఏడు నల్లటి రంధ్రాలు కనిపించాయి. ఒక్కొక్కటి వంద మీటర్ల నుంచి రెండొందల యాభై మీటర్ల వెడల్పు. చూసినవాళ్లు వాటికి డీనా, క్లోయి, వెండీ అంటూ తమకు ఇష్టమైనవాళ్ల పేర్లు పెట్టుకున్నారు. మన బెలూం గుహల్ని నీళ్లు తొలిచాయి. వీటి కింద ఒకప్పుడు లావా పారిన సొరంగాలు ఉండొచ్చని అంచనా. ఆదిమానవుడు గుహలోంచి బయటికొచ్చి ఇన్నివేల ఏళ్లయ్యాక, రాకెట్టెక్కి కోట్ల కిలోమీటర్లు వెళ్లి మళ్లీ గుహలో దూరడమన్నమాట!

[బాక్స్] కొత్త ఇంటి చిరునామా

దూరం: దగ్గరగా వచ్చినప్పుడు సుమారు 5.5 కోట్ల కిలోమీటర్లు, దూరంగా ఉన్నప్పుడు 40 కోట్లు. బయల్దేరడానికి వీలైన ముహూర్తం 26 నెలలకోసారి. ప్రయాణం ఆరు నుంచి తొమ్మిది నెలలు.
రోజు: 24 గంటల 39 నిమిషాలు. 2004లో రోవర్లను నడిపిన శాస్త్రవేత్తలు, ఇంజినీర్లు ఆ రోజుకు అలవాటు పడడానికి కాలిఫోర్నియాలో ఒక గడియారాల దుకాణంలో నెమ్మదిగా నడిచే చేతి గడియారాలు చేయించుకున్నారు.
చలి: సగటున మైనస్ 60 డిగ్రీల ప్రాంతం.
కరెంటు: ధూళి తుపాను వస్తే సోలార్ పలకలు పనికిరావు. 2004 నుంచి పనిచేస్తున్న ఆపర్చునిటీ రోవర్ 2018 జూన్‌లో అలాంటి తుపానులోనే మూగబోయింది.
నేల హక్కు: ఏ దేశానికీ లేదు. 1967 నాటి అంతరిక్ష ఒప్పందం ప్రకారం ఖగోళాల మీద ఎవరూ జెండా పాతి సొంతమనడానికి వీల్లేదు.

చెప్పులు బయటే విడవాలి

తెలుగువాళ్ల ఇళ్లలో అమ్మమ్మలు తరతరాలుగా చెబుతున్న మాటను నాసా ఇంజినీర్లు చాలా ఖర్చుపెట్టి కనుక్కున్నారు: బయటి దుమ్ము ఇంట్లోకి తేవద్దు. చంద్రుడి మీద దిగిన అపోలో వ్యోమగాముల సూట్లకు అంటుకున్న దుమ్ము నౌకంతా పరుచుకుంది. కాల్చిన తుపాకీ మందు వాసన వేసిందని చెప్పారు. అపోలో-17లో వెళ్లిన హారిసన్ ష్మిట్‌కు అది పడక ముక్కు దిబ్బడేసింది.

అంగారకుడి దుమ్ము ఇంకా మొండిది. 2008లో ఫీనిక్స్ నౌక అక్కడి మట్టిని పరీక్షిస్తే పెర్‌క్లోరేట్ అనే లవణాలు బయటపడ్డాయి. మట్టిలో అర శాతం, ఒక శాతం అంటే కొంచెమే కదా అనిపిస్తుంది. కానీ అవి ఒంట్లోకి పోతే థైరాయిడ్ పనిని అడ్డుకుంటాయి. ఒక హాలీవుడ్ సినిమాలో హీరో ఆ మట్టిలోనే బంగాళాదుంపలు పండించాడు. నిజంగా అయితే ముందు ఆ మట్టిని కడగాలి. అందుకే ఒక ఉపాయం ఆలోచించారు. స్పేస్ సూట్ ఇంటి బయటి గోడకే వేలాడుతుంది. దాని వీపు వైపు తలుపు ఇంట్లోకి తెరుచుకుంటుంది. లోపల్నుంచి సూట్‌లోకి దూరి, వెనక తలుపు మూసుకుని, గోడ నుంచి విడివడి నడిచిపోవడమే. తిరిగొచ్చాక అదే తీరు. సూట్ ఎప్పటికీ గడప లోపలికి రాదు.

ఊపిరాడని గాజు మేడ

అంగారకుడి ఇల్లు గురించి నేర్చుకోవాల్సిన పెద్ద పాఠం 1991లోనే, అమెరికాలోని అరిజోనా ఎడారిలో దొరికింది. ఒరాకిల్ అనే ఊరి దగ్గర 3.14 ఎకరాల మేర గాజు, ఉక్కుతో ఒక లోకం కట్టారు. లోపల చిన్న వాన అడవి, చిట్టి సముద్రం, పొలం, మేకలు, కోళ్లు, పందులు. మన భూమి మొదటి జీవావరణం కాబట్టి దీని పేరు బయోస్ఫియర్-2. 1991 సెప్టెంబరు 26న నలుగురు ఆడవాళ్లు, నలుగురు మగవాళ్లు లోపలికెళ్లి తలుపు బిగించుకున్నారు. రెండేళ్లు గాలి, నీరు, తిండి ఏదీ బయటి నుంచి రాకూడదన్నది పందెం.

పందెం రెండు వారాలు తిరక్కుండానే బీటలు వారింది. వరి నూర్చే యంత్రంలో జేన్ పాయింటర్ వేలు తెగింది. ఆస్పత్రికి వెళ్లి, కుట్లు వేయించుకుని గంటల్లో వెనక్కొచ్చారు. వస్తూ చేతిలో ఒక సంచీ తెచ్చారని పత్రికలు రచ్చ చేశాయి. అది చిన్న సంగతి. పెద్ద సంగతి ఎవరి కంటికీ కనపడకుండా జరుగుతోంది. గాలిలో 20.9 శాతం ఉండాల్సిన ఆక్సిజన్ నెలనెలా తరిగిపోతోంది. పదహారు నెలలకు 14 శాతం చిల్లరకు పడిపోయింది. నాలుగు వేల మీటర్ల కొండ మీద ఉన్నట్టే. మెట్లెక్కితే ఆయాసం. ఒక వాక్యం పూర్తిచేయడానికి మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవాల్సి వచ్చేది. రాత్రిళ్లు నిద్రలో ఉలిక్కిపడి గాలి కోసం లేచేవాళ్లు. చివరికి 1993 జనవరిలో బయటి నుంచి ఆక్సిజన్ పంపక తప్పలేదు.

ఆ ఆక్సిజన్ ఏమైంది? దొంగ ఇంట్లోనే ఉన్నాడు. ఒకడు కాదు, ఇద్దరు. పంటలు బాగా పండాలని పొలంలో సత్తువైన ఎరువు దండిగా వేశారు. అందులోని సూక్ష్మజీవులు ఆక్సిజన్‌ను తాగేసి కార్బన్ డయాక్సైడ్ వదిలాయి. ఆ కార్బన్ డయాక్సైడ్‌ను మొక్కలు పీల్చుకుని తిరిగి ఆక్సిజన్ ఇస్తే లెక్క సరిపోయేది. కానీ మధ్యలో కొత్త కాంక్రీటు గోడలు దాన్ని మింగేశాయి. గోడకు కొట్టిన సున్నం గాలి తగిలి గట్టిపడుతుంది చూశారా, అదే రసాయనం. ఇల్లు కట్టిన సిమెంటే ఇంట్లోవాళ్ల ఊపిరి తాగిందన్నమాట. వాలీ బ్రోకర్, జెఫ్ సెవరింగ్‌హాస్ అనే శాస్త్రవేత్తలు ఈ గుట్టు విప్పారు.

ఇక ఆకలి. లోపల పండింది ఎనిమిది మందికి చాలీచాలకుండా ఉండేది. మనుషుల తిండికి పోటీ వస్తున్నాయని పందుల్ని కోసుకు తిన్నారు. చిలగడదుంప ఎంత తిన్నారంటే జేన్ ఒంటి రంగే నారింజకు తిరిగింది. ఒక పిజ్జా తినాలంటే గోధుమ పండించాలి, నూర్చాలి, మేక పాలు పితికి జున్ను చేయాలి, కొన్ని నెలల పని. కాఫీ రెండు మూడు వారాలకో కప్పు. పరాగసంపర్కానికి తెచ్చిన కీటకాలు చచ్చిపోయాయి. చీమలు, బొద్దింకలు మాత్రం పిలవని చుట్టాల్లా దిగి కాపురం పెట్టాయి. ఇల్లన్నాక అంతే!

ఆకలి, ఆయాసం ఉన్నచోట గొడవలు రాకుండా ఉంటాయా? ఎనిమిది మంది నలుగురు చొప్పున రెండు వర్గాలయ్యారు. ఒకే బల్ల మీద తింటూ ముఖాలు తిప్పుకునేంత వైరం. ఆశ్చర్యమేమిటంటే, పని ఆగలేదు. ఎందుకంటే పని ఆపితే చచ్చిపోతారు. పగవాడు పెంచిన మొక్క వదిలిన ఆక్సిజనే పీల్చుకుంటూ బతికారు. రెండేళ్లూ పూర్తిచేసి 1993 సెప్టెంబరు 26న బయటికొచ్చారు. పత్రికలు దీన్ని వైఫల్యమని తీసిపారేశాయి. నా దృష్టిలో అంతకన్నా విజయవంతమైన ప్రయోగం లేదు. ఏ కంప్యూటరూ ఊహించని తప్పును మనుషులు తమ ఊపిరితిత్తులతో కనిపెట్టారు, అదీ అంబులెన్సు వచ్చేంత దూరంలో.

పొద్దు తెలియని ఇల్లు

మాస్కోలో ఇంకో రకం పరీక్ష జరిగింది. 2010 జూన్ 3 నుంచి 2011 నవంబరు 4 దాకా ఆరుగురు మగవాళ్లు 520 రోజులు కిటికీల్లేని గదుల్లో ఉన్నారు. మార్స్-500 అంటారు. ఇక్కడ ఆకలి లేదు, ఆయాసం లేదు, పెద్ద గొడవలూ లేవు. మనుషులు మెల్లమెల్లగా చలికాలపు ఎలుగుబంట్లలా తయారయ్యారు. కదలిక తగ్గింది, పడక మీద గడిపే సమయం పెరిగింది. ఒకాయన శరీర గడియారం దాదాపు 25 గంటల రోజుకు జారిపోయి, మిగతావాళ్లు పనిచేస్తుంటే ఆయన నిద్రపోవడం, వాళ్లు పడుకుంటే ఆయన మేలుకోవడం మొదలైంది. ఒకే ఇంట్లో ఉంటూ వేరే ఊళ్లో ఉన్నట్టు.

తప్పు ఎక్కువగా దీపాలదే అనుకున్నారు పరిశీలించినవాళ్లు. ఒంటికి పొద్దు తెలియాలంటే ఉదయపు వెలుతురులోని నీలం పాలు కావాలి, సాయంత్రానికి అది తగ్గాలి. అందుకే ఇప్పటి నమూనాల్లో రోజంతా రంగు మారే లైట్లు పెడుతున్నారు. తూర్పు కిటికీ గురించి పెద్దవాళ్ల పట్టింపు గుర్తొస్తుందా? కుజుడి మీద ఆ తూర్పును స్విచ్చులతో పుట్టించాలి.

ఇంటి పని ఎవరు చేస్తారు?

గాజు నగరాల బొమ్మల్లో మనుషులు ఎప్పుడూ కిటికీ పక్కన నిలబడి దూరంగా చూస్తుంటారు. చీపురు పట్టుకున్నవాళ్లు కనపడరు. నిజమైన అంతరిక్ష గృహాల్లో కనపడేది చీపురే. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో శనివారమంటే ఇల్లు దులిపే రోజు. వ్యోమగాములు వాక్యూమ్ క్లీనర్ పట్టుకుని గాలి జాలీల మీది దుమ్ము పీలుస్తారు, చేతులు తగిలే చోట్లన్నీ తడిగుడ్డలతో తుడుస్తారు. తుడవకపోతే ఏమవుతుందో రష్యా వాళ్ల మిర్ కేంద్రం చూపించింది. 1986లో పైకెళ్లిన ఆ ఇల్లు పాతబడ్డాక పలకలు విప్పి చూస్తే వెనక బూజు, బాస్కెట్ బాల్ అంత మురికి నీటి ముద్దలు తేలుతూ కనిపించాయి.

బట్టలుతకడం ఇంకో తలనొప్పి. అంతరిక్ష కేంద్రంలో వాషింగ్ మెషిన్ లేదు. మాసేదాకా తొడుక్కుని, ఆ తర్వాత చెత్త నింపిన సరకు నౌకలో పడేస్తారు. అది వాతావరణంలో కాలిపోతుంది. కుజుడి మీదికి వెళ్లొస్తే రెండేళ్ల పైమాట. అన్ని బట్టలు ఎవరు మోస్తారు? అందుకే 2021లో నాసా టైడ్ సబ్బుపొడి కంపెనీతో చేతులు కలిపింది. రాకెట్ శాస్త్రం చివరికి బట్టల సబ్బు దగ్గరికి వచ్చిందని నవ్వకండి. ఉతికిన నీళ్లే మళ్లీ తాగాలి మరి!

ఆక్సిజన్ తయారీ కూడా ఇంటి పనిలోకే వస్తుంది. పర్సవరెన్స్ రోవర్‌తో పంపిన మాక్సీ అనే కారు బ్యాటరీ అంత పెట్టె అక్కడి కార్బన్ డయాక్సైడ్‌ను విరగ్గొట్టి ఆక్సిజన్ తీసింది. 2021 నుంచి 2023 దాకా 16 సార్లు నడిచి మొత్తం 122 గ్రాములు ఇచ్చింది. మరో గ్రహం మీద మనిషి యంత్రం ఊపిరి పుట్టించడం అదే మొదటిసారి. ఆ 122 గ్రాములు ఒక మనిషికి మూడున్నర గంటలు సరిపోతాయి.

నన్నడిగితే, ఇలాంటి ఇళ్ల ప్లాను గీసే బల్ల దగ్గర ఒక గృహిణిని కూర్చోబెట్టాలి. ఏ యంత్రాన్ని ఏ మూలన పెడితే దాని వెనక చేయి దూరదో, ఏ జాలీ విప్పడానికి వీలుకాదో, నలుగురిలో ఎవరు వంతు ఎగ్గొడతారో ఆమెకు ఒక్క చూపులో తెలుస్తుంది.

[బాక్స్] ఒక మనిషి, ఒక రోజు పద్దు

పీల్చే ఆక్సిజన్: సుమారు 840 గ్రాములు.
వదిలే కార్బన్ డయాక్సైడ్: సుమారు కిలో. దీన్ని పట్టి పారేయకపోతే తలనొప్పితో మొదలై ప్రాణం మీదికి వస్తుంది.
తాగడానికి, వంటకు నీళ్లు: రెండున్నర నుంచి మూడు లీటర్లు.
నలుగురికి ఏడాది ఆక్సిజనే 1,200 కిలోల పైన. అన్నీ భూమి నుంచి మోసుకెళ్లలేరు కాబట్టే వాడిందే మళ్లీ వాడుకోవాలి.

వంటింట్లో ఆవకాయ ఉండాలి

హవాయి దీవుల్లోని మౌనా లోవా అగ్నిపర్వతం మీద 2013లో ఒక డోము కింద ఆరుగురు నాలుగు నెలలున్నారు. వాళ్లకిచ్చిన పరిశోధన అంశం: వంట. నీళ్లు పోస్తే తయారయ్యే పొట్లాలు తింటూ బతికితే మనుషులు తిండి మీద విరక్తి పెంచుకుని బక్కచిక్కుతారు. అదే నిల్వ సరుకులతో తామే వండుకుంటే? సమయం ఎక్కువ పడుతుంది, నీళ్లు ఖర్చవుతాయి. కానీ పొయ్యి చుట్టూ చేరితే మాటలు కలుస్తాయి. అందుకే ఇప్పటి నమూనాల్లో వంటిల్లు, భోజనాల బల్ల ఇంటి నడుమకు వచ్చాయి. మన పాత మండువా లోగిళ్లకు ఈ సంగతి ముందే తెలుసు. అంతరిక్షంలో ముక్కు దిబ్బడేసి రుచి చప్పబడుతుందని, వ్యోమగాములు కారం సాస్‌ల కోసం తహతహలాడతారని తెలిశాక నాకైతే ఒక జాడీ గుర్తొచ్చింది. ఏడాది చెడకుండా ఉండే తిండిని మనవాళ్లు ఏనాడో కనిపెట్టారు మరి.

పచ్చని మొలకల దగ్గరా మనకు ఒక వాటా ఉంది. 2024 డిసెంబరు 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన పీఎస్ఎల్‌వీ-సీ60 రాకెట్ చివరి అంచెలో ఇస్రో ఎనిమిది అలసంద గింజల్ని ఒక పెట్టెలో పెట్టి పంపింది. నాలుగో రోజుకే మొలిచాయి, తర్వాత ఆకులూ వేశాయి. 2025 జూన్‌లో అంతరిక్ష కేంద్రానికి వెళ్లిన శుభాంశు శుక్లా అక్కడ మెంతులు, పెసలు మొలకెత్తించారు. గుప్పెడు గుగ్గిళ్లకు ఇది ఇంకా చాలా దూరం. అయినా మొదటి విత్తు ఎక్కడో ఒకచోట పడాలి కదా.

లద్దాఖ్ ఉప్పు నేలలో

2025 ఆగస్టు 1 నుంచి 10 వరకు లద్దాఖ్‌లో త్సో కార్ సరస్సు దగ్గర, 4,530 మీటర్ల ఎత్తున ఇద్దరు మనుషులు ఒక డోములో ఉన్నారు. ఎనిమిది మీటర్ల వెడల్పున నివాసం, దానికి ఆనుకుని ఐదు మీటర్ల సామాన్ల గది. బెంగళూరుకు చెందిన ప్రోటోప్లానెట్ సంస్థ ఇస్రో అండతో చేసిన ప్రయోగం, పేరు హోప్. పల్చటి గాలి, విపరీతమైన చలి, ఉప్పు నేల: భూమ్మీద కుజుడికి దగ్గరి చుట్టం లాంటి చోటు. అక్కడి పరిశోధనల్లో ఐఐటీ హైదరాబాద్ కూడా భాగస్వామి.

ఇటుకలో కూడా మనవాళ్ల చెయ్యి పడింది. బెంగళూరు ఐఐఎస్‌సీలో అలోక్ కుమార్ బృందం ఇస్రోతో కలిసి, అంగారకుడి మట్టిని పోలిన మట్టితో 2022లో ఇటుకలు చేసి చూపించింది. కాల్చే బట్టీ లేదు. మట్టిలో ఒక బ్యాక్టీరియాను, యూరియాను, నికెల్ క్లోరైడ్‌ను, గ్వార్ జిగురును కలిపి అచ్చులో పోస్తారు. బ్యాక్టీరియా యూరియాను విడగొట్టి సున్నపురాయి లాంటి స్ఫటికాలు పుట్టిస్తే మట్టి రేణువులు అతుక్కుపోతాయి. గ్వార్ అంటే ఏదో అనుకునేరు, మన గోరుచిక్కుడే. దాని గింజల పిండి నుంచి తీసేదే ఆ జిగురు. యూరియా ఎక్కడిదంటే, మూత్రంలో ఉండేదీ అదే. ఆవు పేడతో నేల అలికిన వాళ్లకి ఇందులో వింతేమీ తోచకపోవచ్చు.

నిజానికి పరాయి నేల మీద ఇల్లు కట్టడం మన దేశానికి పూర్తిగా కొత్త కాదు. 1983-84లో అంటార్కిటికాలో కట్టిన తొలి భారతీయ కేంద్రం దక్షిణ గంగోత్రి మెల్లగా మంచులో కూరుకుపోయి 1990లో మూతపడింది. రాతి నేల వెతుక్కుని మైత్రి కట్టారు. 2012లో తెరిచిన భారతికి 134 ఓడ కంటైనర్లను బొమ్మరిల్లులా పేర్చి, పైన ఇంకో తొడుగు వేశారు. అక్కడ కావలసినంత గాలి ఉంది, నీళ్లకు మంచు ఉంది, ఓడ వస్తుంది. అయినా ఎవరూ శాశ్వతంగా కాపురం పెట్టలేదు. కుజుడి మీద పది లక్షల మంది అన్నప్పుడల్లా నాకు ఈ లెక్క గుర్తొస్తుంది.

ఊయల ఎక్కడ కట్టాలి?

అసలు చిక్కు పిల్లల దగ్గర వస్తుంది. నలుగురు వెళ్లి తిరిగొస్తే అది యాత్ర. అక్కడే పుడితే, పెరిగితేనే ఊరు. 38 శాతం గురుత్వాకర్షణలో గర్భం నిలుస్తుందా, బిడ్డ ఎముకలు గట్టిపడతాయా అన్నవాటికి ఇప్పటికి ఏ జవాబూ లేదు. భూమికన్నా తక్కువ గురుత్వం ఉన్న నేల మీద నడిచిన మనుషులు చరిత్రలో పన్నెండు మందే, అందరూ చంద్రుడి మీద. అందరికన్నా ఎక్కువ ఉన్న అపోలో-17 వాళ్లది సుమారు 75 గంటలు. అంతే మన అనుభవం. మందులు ఇచ్చే ముందు ఎలుకల మీద చూస్తాం, ఊరు కట్టే ముందు ఆ గురుత్వంలో ఎలుకల కాన్పు కూడా చూడలేదు.

రాజకీయం మాత్రం బిడ్డల కోసం ఆగదు. అంటార్కిటికాలో తన హక్కు చాటుకోవడానికి అర్జెంటీనా నిండు గర్భిణిని అక్కడి స్థావరానికి పంపింది. 1978లో ఎమీలియో పాల్మా అనే బాబు పుట్టాడు, ఆ ఖండం మీద పుట్టిన మొదటి మనిషిగా రికార్డులకెక్కాడు. కుజుడి మీద మొదటి పురుడు ఎవరి జెండా కోసం పోస్తారో చూడాలి.

పెళ్లి చేసి చూడు

మళ్లీ అరిజోనా గాజు మేడకు వద్దాం. వేలు తెగిన జేన్ పాయింటర్, ఆమెతోపాటు లోపల ఉన్న టేబర్ మెక్‌కలమ్ అప్పటికే ఒకరికొకరు. ఊపిరాడక, కడుపు నిండక, సగం మందితో మాటల్లేక గడిపిన ఆ ఇంట్లో ఉండగానే వాళ్లు ఇంకొందరితో కలిసి ఒక కంపెనీకి పునాది వేశారు. పేరు పారగాన్. బయటికొచ్చాక పెళ్లి చేసుకున్నారు. కంపెనీ అదే రాష్ట్రంలోని టూసాన్‌లో నిలదొక్కుకుంది. దాని వ్యాపారం మూసిన ఇళ్లకు గాలి, నీరు చూసిపెట్టడం.

అంతరిక్ష కేంద్రంలో మూత్రం నుంచి, చెమట నుంచి నీళ్లు తిరిగి తీస్తారని తెలిసిందే. ఎంత పిండినా చివర్లో చిక్కటి ఉప్పుముద్ద మిగిలిపోయేది, అందులో ఇంకా నీళ్లుండేవి. 2021లో పైకెళ్లిన ఒక కొత్త యంత్రం ఆ ముద్దను వెచ్చటి పొడి గాలితో ఆరబెట్టి, మిగిలిన చుక్కల్ని కూడా లాగింది. 2023లో నాసా 98 శాతం నీళ్లు వెనక్కి వస్తున్నాయని ప్రకటించింది. కుజుడి మీద ఇల్లు నిలవాలంటే కావలసిన లెక్క అదే. ఆ యంత్రం మీద ఉన్న పేరు పారగాన్.